పేరులేని తురక: 'ఫ్రాంకెన్‌స్టైన్'లో మనిషి లెక్క

మనిషి కాలం అయిపోయిందని పాశ్చాత్య సాహిత్య విమర్శ చాలాకాలంగా చెబుతోంది. మనం 'మానవుడు' అని పిలుచుకుంటున్న భావన ఈమధ్య పుట్టిందేననీ, పుట్టినట్టే పోతుందనీ ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1966లో అన్నాడు. కైరోలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఇహాబ్ హసన్ 1977లో రాసిన ఒక వ్యాసంలో మానవతావాదం ముగింపుకొస్తోందనీ, తర్వాత వచ్చేదాన్ని పోస్ట్‌హ్యూమనిజం అనక తప్పదనీ రాశాడు. 1985లో డోనా హారవే మనిషికీ జంతువుకీ, మనిషికీ యంత్రానికీ మధ్య గీతలు చెరిగిపోయాయంది. 1999లో కేథరిన్ హేల్స్, 2013లో రోసీ బ్రైదోతి ఇదే విషయం మీద పుస్తకాలు రాశారు. ఆధునికోత్తరవాదం అనే మాట మనకు అలవాటైంది కాబట్టి దీన్ని మానవోత్తరవాదం అనుకుందాం.

వీళ్ల మధ్య తేడాలున్నా సారాంశం ఒకటే. యూరప్‌లో 'మానవుడు' అనే నమూనా ఒకటి తయారైంది. వాడికి తెలివి ఉంది, స్వేచ్ఛ ఉంది, ఆస్తి ఉంది. ప్రకృతి ఉన్నది వాడికోసమే. వాడు అందరి పేరునా మాట్లాడతాడు గానీ, వాడి ఒంటిరంగు తెలుపు, వాడు మగవాడు, వాడి మతం క్రైస్తవం. ఆ కొలతకు సరిపోనివాళ్లు సగం మనుషులు. కాబట్టి ఆ మానవుణ్ని గద్దె దించి, జంతువునీ యంత్రాన్నీ పక్కన కూర్చోబెట్టి సాహిత్యాన్ని మళ్లీ చదవాలంటారు.

వినడానికి బాగానే ఉంది. కానీ మైనారిటీ పాఠకుడికి ఇక్కడొక చిక్కు ఉంది. మనల్ని ఇంకా ఆ ఇంటి అరుగు మీదే కూర్చోబెట్టారు. లోపలికి పిలవకముందే ఇల్లు కూల్చేస్తున్నామంటే మనమేం చెయ్యాలి? తెలుగులో ఈ ప్రశ్న పాతదే. స్త్రీల 'నీలిమేఘాలు' (1993), దళితుల 'చిక్కనవుతున్న పాట' (1995), ముస్లింల 'జల్జలా' (1998) వచ్చినప్పుడు పెద్దలు కొందరు విసుక్కున్నారు. అందరం మనుషులమే కదా, ఈ ముక్కలు చెయ్యడం దేనికన్నారు. ఆ 'అందరం' అనే మాటలో ఎవరెవరున్నారో చెప్పమని అడిగితే జవాబు రాలేదు. ఆ మాటకొస్తే మానవోత్తరవాదం మన ప్రశ్ననే అడుగుతోంది. అయితే ఎవరి తరఫున అడుగుతోంది, ఎవరిని మరిచిపోయి అడుగుతోంది అన్నది చూడాలి. చూడ్డానికి ఈ వాదులంతా మళ్లీమళ్లీ తిరగేసే నవల ఒకటుంది. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'.

ఈ నవల 1818 జనవరిలో లండన్‌లో, రచయిత్రి పేరు లేకుండా వచ్చింది. అప్పటికి ఆమె వయసు 20. కథ అందరికీ తెలుసనుకుంటాం. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు శవాల ముక్కలు కలిపి ఒక ప్రాణిని తయారుచేస్తాడు. అది కళ్లు తెరవగానే భయపడి పారిపోతాడు. ఆ ప్రాణి పగబట్టి అతని వాళ్లను చంపుతుంది. సినిమాల వల్ల మనకు తెలిసింది ఇంతే. 1931 నాటి హాలీవుడ్ సినిమాలో ఆ ప్రాణికి మాటే లేదు. నవలలో మాత్రం అతను గంటలకొద్దీ మాట్లాడతాడు. మిల్టన్‌నీ, ప్లూటార్క్‌నీ చదివినవాడు.

'అది' అని మొదలుపెట్టి 'అతను' అన్నాను. తెలుగులో ఈ ఇబ్బంది తప్పదు. విక్టర్ కూడా ఒకసారి మనిషికి వాడే సర్వనామం, ఒకసారి వస్తువుకి వాడే సర్వనామం వాడతాడు. మన భాషలో సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. వ్యాకరణాలు నామవాచకాల్ని మహత్తు, అమహత్తు అని విడదీశాయి. ఏకవచనంలో మహత్తు మగవాడొక్కడే. 'గేదె వచ్చింది, ఆమె వచ్చింది' అని ఇద్దరికీ ఒకే క్రియ. ఉర్దూలో మనిషికైనా, పిట్టకైనా, రాయికైనా 'వో' ఒక్కటే సర్వనామం. ఎవరు మనిషి అన్న లెక్క సిద్ధాంతాల్లో మొదలు కాలేదు. క్రియ చివరి అక్షరంలో మొదలైంది. అందుకే ఈ వ్యాసంలో ఆ ప్రాణిని 'అతను' అనే అంటాను.

అతని ఒళ్లు దేంతో తయారైంది? శవాలు కోసే గదుల నుంచీ, కసాయిఖానా నుంచీ సామగ్రి తెచ్చానని విక్టరే చెబుతాడు. అంటే అతనిలో పశువు మాంసం కూడా ఉంది. ఈ వాక్యం మానవోత్తర విమర్శకులకి ఇష్టం. మనిషి, జంతువు, ప్రయోగశాల ఒకే ఒంట్లో కలిశాయి. పైగా అతను మాంసం తినడు. దుంపలూ పళ్లూ చాలంటాడు. మనిషినని చెప్పుకునేవాళ్ల కంటే సాధువుగా బతకాలనుకుంటాడు. ఇంతవరకూ వాళ్ల పఠనం బలంగానే ఉంది.

కానీ నవల నడిబొడ్డున ఒక ముస్లిం కుటుంబం ఉంది. చాలామంది దాన్ని దాటేసి వెళ్లిపోతారు. సినిమా అయితే పూర్తిగా తీసేసింది.

అతను అడవి దాటి జర్మనీలో ఒక పేద ఇంటి పక్కన కొట్టంలో దాక్కుంటాడు. ఆ ఇంట్లో కళ్లులేని ముసలి డి లేసీ, కొడుకు ఫీలిక్స్, కూతురు అగాథా ఉంటారు. ఫ్రాన్సు నుంచి వెలివేయబడ్డ కుటుంబం. కొన్నాళ్లకు అక్కడికి సఫీ అనే అమ్మాయి వస్తుంది. తండ్రి పారిస్‌లో వ్యాపారం చేసిన తురకవాడు. తల్లి తురకల చేతిలో బానిసైన క్రైస్తవ అరబ్బు స్త్రీ. సఫీకి ఫ్రెంచి రాదు. ఫీలిక్స్ నేర్పుతుంటే గోడ సందులోంచి వింటూ అతనూ నేర్చుకుంటాడు. ఆ అమ్మాయి కంటే తొందరగా నేర్చుకున్నానని గర్వంగా చెబుతాడు కూడా.

పాఠం చెప్పిన పుస్తకం 1791 నాటి వోల్నీ గ్రంథం, సామ్రాజ్యాల పతనం గురించినది. అందులో ఆసియావాళ్లు సోమరులు, గ్రీకులు మేధావులు. ఒక ముస్లిం పిల్ల, మనిషి లెక్కలో లేని ఒక ప్రాణి, ఇద్దరూ తామెవరో యూరప్ రాసిన చరిత్రలోంచి నేర్చుకున్నారు. అయినా అమెరికా ఆదివాసులకి పట్టిన గతి విన్నప్పుడు ఇద్దరూ ఏడుస్తారు. గోడకి అటొకరు, ఇటొకరు. ఒకరి ఏడుపు ఇంకొకరికి తెలియదు. మొత్తం నవలలో నాకు అన్నిటికన్నా బరువైన చోటు ఇదే.

తర్వాత పరీక్ష వస్తుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అతను గుడ్డి డి లేసీ దగ్గరికి వెళ్లి మాట కలుపుతాడు. ముసలాయన ఆదరంగా కూర్చోమంటాడు. అతని మాట విని, నువ్వు మా దేశం వాడివేనా, ఫ్రెంచివాడివా అని అడుగుతాడు. కాదు, ఒక ఫ్రెంచి కుటుంబం దగ్గర చదువుకున్నానని అతని జవాబు. మన దగ్గర 'తెలుగు భలే మాట్లాడుతున్నావే, మీవాళ్లకి ఇంత బాగా వస్తుందా' అనే మెచ్చుకోలు విన్న ప్రతి ముస్లింకీ ఈ సన్నివేశం అర్థమవుతుంది. గొంతు విన్నంతసేపూ నువ్వు మావాడివే. పేరు తెలిసేదాకా, మొహం చూసేదాకా.

అంతలో మిగతావాళ్లు తిరిగొస్తారు. అగాథా మూర్ఛపోతుంది. ఫీలిక్స్ కర్ర తీసుకుని కొడతాడు. సఫీ బయటికి పరిగెడుతుంది. ఒకే బడిలో ఒకే పాఠం చదువుకున్న సఫీ! ఒక బాధితురాలు ఇంకో బాధితుణ్ని గుర్తుపట్టలేకపోయింది. అన్ని అస్తిత్వ ఉద్యమాలూ దగ్గర పెట్టుకుని చదవాల్సిన పేజీ ఇది. లోపలికి కొత్తగా పిలిపించుకున్నవాళ్లకి బయటున్నవాళ్లని చూస్తే భయం ఎక్కువ.

ఇద్దరి పరీక్షా పత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. అతనికి భాష వచ్చు, చదువు వచ్చు, జాలి ఉంది. రాత్రిళ్లు ఆ ఇంటికి కట్టెలు కొట్టి తెచ్చిపెట్టాడు. అయినా తప్పాడు. సఫీకి భాష రాదు. కానీ అందగత్తె, తల్లి క్రైస్తవురాలు, తండ్రి ఇంటిని వదిలేసుకుని వచ్చింది. పాసయింది. అంటే పరీక్ష తెలివిదీ కాదు, మంచితనానిదీ కాదు. మొహం ఎలా ఉంది, ఎవర్ని వదిలేసి వచ్చావు అన్నవే ప్రశ్నలు. మన దేశంలో మైనారిటీని మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం అని విడదీసేటప్పుడు అడిగే రెండో ప్రశ్న కూడా ఇదే.

ఇక సఫీ తండ్రి. పారిస్‌లో ఆయనకి మరణశిక్ష వేస్తారు. అసలు కారణం నేరం కాదు, ఆయన మతమూ డబ్బూ అని నవలే చెబుతుంది. పారిస్ అంతా ఆ అన్యాయానికి మండిపడిందంటుంది. 1818లో ఇరవయ్యేళ్ల ఇంగ్లీషు అమ్మాయి ఈ మాట రాయడం చిన్న సంగతి కాదు. కానీ ఫీలిక్స్ ఆయన్ని జైలునుంచి తప్పించిన మరుక్షణం నవల స్వరం మారిపోతుంది. ఆయన కృతఘ్నుడవుతాడు. కూతుర్నిస్తానని మాటిచ్చి తప్పుతాడు. అన్యాయానికి గురైన తురక నాలుగు పేజీలు తిరిగేసరికి నమ్మకద్రోహి అయిపోయాడు.

ఆయనకి పేరు లేదు. నవల పొడుగునా తురకవాడు, తురక వ్యాపారి, అంతే. ఈ పిలుపు మనకి కొత్త కాదు. తురక దేశం మ్యాపులో ఎక్కడుందో తెలియని దూదేకులవాణ్నీ, సైకిలు రిపేరు చేసేవాణ్నీ తెలుగు ఊళ్లు ఆ ఒక్క మాటతోనే పిలిచాయి. నవలలో పేరులేని పాత్ర ఆ ప్రాణి అని విమర్శకులంతా రాశారు. నిజమే. రెండో పేరులేనివాడు ఈ తురక. ప్రాణికి పేరు ఇవ్వకపోయినా రచయిత్రి నోరిచ్చింది, అధ్యాయాలకి అధ్యాయాలు ఇచ్చింది. తన పక్షం తాను చెప్పుకున్నాడు. తురకకి అదీ లేదు. ఆయన గురించి మనకి తెలిసిందంతా సఫీ రాసిందాంట్లోంచి ప్రాణికి, ప్రాణి నుంచి విక్టర్‌కి, విక్టర్ నుంచి వాల్టన్ అనే ఓడ నాయకుడికి చేరిన సమాచారమే. రాక్షసుడికి ఇచ్చినంత చోటు కూడా ముసల్మానుకి దొరకలేదు.

దీనికి మూలం మేరీ షెల్లీ ఇంట్లోనే ఉంది. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో స్త్రీల హక్కుల మీద గొప్ప పుస్తకం రాసింది. అందులో స్త్రీని ఆత్మలేని దానిగా చూడడాన్ని మహమ్మదీయుల పద్ధతిగా చెప్పింది. ఆనాటి యూరప్‌లో ఇది చెలామణీలో ఉన్న అబద్ధం. ఖురాన్ విశ్వాసులైన పురుషుల్నీ స్త్రీల్నీ పక్కపక్కనే పేర్కొని ఇద్దరికీ ఒకే ప్రతిఫలం చెబుతుంది. ముస్లిం సమాజాల్లో స్త్రీల మీద పెత్తనం ఉంది, దాన్ని ముస్లిం స్త్రీలే నిలదీస్తున్నారు. అది వేరే సంగతి. ఇంగ్లీషు స్త్రీ తాను మనిషినని రుజువు చేసుకోడానికి తురక స్త్రీని ఆత్మలేనిదానిగా చూపించడం ఇంకో సంగతి. ఆ పుస్తకం నీడే సఫీ తల్లి పాత్ర. 1985లో గాయత్రి స్పివాక్ ఈ నవలనీ, అందులో సఫీనీ సామ్రాజ్యం కోణంలోంచి చదివి కొత్త దారి తీసింది. అదే ఏడాది వచ్చిన హారవే వ్యాసంలో ఫ్రాంకెన్‌స్టైన్ ప్రాణి ప్రస్తావన ఉంది గానీ సఫీ ఊసు లేదు.

సామ్రాజ్యం ఈ నవల అంచుల్లో ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. మంచు సముద్రంలో దూరంగా ప్రాణిని చూసిన వాల్టన్ ఏదో తెలియని దీవి తాలూకు అనాగరికుడనుకుంటాడు. మర్నాడు విక్టర్‌ని చూసి ఇతను యూరపువాడు అని నిట్టూరుస్తాడు. 1831లో సవరించిన ప్రతిలో విక్టర్ స్నేహితుడు క్లెర్వల్ పారశీకం, అరబ్బీ, సంస్కృతం నేర్చుకుంటాడు. ఇండియా వెళ్లి యూరప్ వలసలకీ వ్యాపారానికీ సాయపడాలని అతని కోరిక. అంత సున్నిత మనస్కుడి కల అది.

పుస్తకంలో సంగతి పుస్తకంలోనే ఉండిపోలేదు. 1824లో బ్రిటిష్ పార్లమెంటులో బానిసల విముక్తి మీద చర్చ జరిగింది. విదేశాంగ మంత్రి జార్జ్ కానింగ్ నల్లవాళ్లని ఒక్కసారిగా వదిలేస్తే ఈమధ్య వచ్చిన నవలలోని ప్రాణిని వదిలినట్టేనన్నాడు. ఒంట్లో బలముండి మంచిచెడ్డ తెలియని ఆకారం అని అతని భావం. నవలలో ఆ ప్రాణికి మంచిచెడ్డలు బాగానే తెలుసు. కానింగ్‌కి అది అక్కర్లేదు. బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు, 1833 దాకా, పట్టింది. మనిషి కాదు అన్న మాట తత్వచర్చ కాదు. దాని మీద చట్టాలు నిలబడతాయి, ఆగిపోతాయి.

విక్టర్ కూడా ఆ భాషే మాట్లాడాడు. ప్రాణి తోడు కావాలని అడిగితే ఒప్పుకుని, సగం తయారైన స్త్రీని తన చేతులతోనే చీల్చేస్తాడు. కారణం, వాళ్లకి పిల్లలు పుడితే ఆ జాతి పెరిగిపోయి మనుషుల్ని బతకనివ్వదని భయం. వాళ్లు పిల్లల్ని కంటారు, పెరిగిపోతారు! ఈ మాట మన దేశంలో ఎన్నికల సభల్లో ఎన్నిసార్లు విన్నాం? నవల వయసు రెండువందల ఏళ్లు దాటింది గానీ ఆ భయం వయసు మీరలేదు.

అలాగని ప్రాణిని అమాయకుడిగా చూపించడం విమర్శ కాదు. అతను పసివాణ్ని చంపాడు. ఆ నేరం జస్టీన్ అనే పనిమనిషి మీద పడేటట్టు చేశాడు. ఆమె ఉరికంబం ఎక్కింది. వెలివేత హింసని పుట్టిస్తుందని నవల చెబుతుంది. హింస వెలివేతకి జవాబని చెప్పదు. ఇరాక్ రచయిత అహ్మద్ సాదవీ 2013లో అరబ్బీలో రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్ ఇన్ బాగ్దాద్' నవల ఈ ముడిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. 2018లో ఇంగ్లీషు అనువాదం మ్యాన్ బుకర్ ఇంటర్నేషనల్ తుది జాబితాకి చేరింది. బాంబు పేలుళ్లలో చనిపోయినవాళ్ల ముక్కలన్నీ కలిపి ఒక పాతసామాన్లవాడు ఒక ఒళ్లు కుడతాడు. దాంట్లో ప్రాణం వస్తుంది. ఆ ముక్కలు అన్ని మతాలవీ, అన్ని తెగలవీ. అతనికీ పేరు లేదు. చనిపోయినవాళ్ల తరఫున పగ తీర్చుకుంటూ పోతాడు. ఒళ్లు కుళ్లుతుంటే కొత్త ముక్కలు కావాలి. చివరికి నేరస్తుడెవరో నిరపరాధి ఎవరో అతనికే తెలియకుండా పోతుంది. మేరీ షెల్లీ నోరివ్వని వైపు నుంచి రెండు శతాబ్దాల తర్వాత వచ్చిన జవాబుగా దీన్ని చదవొచ్చు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మానవోత్తరవాదం మనకి పనికొస్తుందా?

పనికొస్తుంది. కొలబద్ద పట్టుకున్నది ఎవరో చూపిస్తుంది. నువ్వు ఒక పరీక్ష పాసవగానే ఇంకోటి పెడతారని చూపిస్తుంది. ఇషిగురో 2005లో రాసిన 'నెవర్ లెట్ మీ గో'లో అవయవాల కోసం పెంచిన క్లోన్ పిల్లల చేత బొమ్మలు గీయిస్తారు, వాళ్లకీ ఆత్మ ఉందని లోకానికి రుజువు చెయ్యడానికి. బొమ్మలు బాగానే వేశారు. అవయవాలు మాత్రం కోసుకున్నారు. రుజువులు అడిగేవాడికి రుజువు అవసరం లేదని ఆ నవల చెబుతుంది.

కానీ ఈ వాదంలో ఒక తొందర ఉంది. జంతువు దగ్గరికీ యంత్రం దగ్గరికీ పరిగెత్తే తొందరలో, మనిషై ఉండి మనిషిగా లెక్కకి రానివాణ్ని దాటేసి పోతోంది. ప్రాణి ఒంట్లోని పశుమాంసాన్ని చూసిన కన్ను పక్క గదిలో తురకని చూడలేదు. కరీబియన్ ఆలోచనాపరురాలు సిల్వియా వింటర్ 2003లో దీనికి సరైన మాట చెప్పింది. ఒక రకం మనిషి తానే మొత్తం మనుషులన్నట్టు చెలామణీ అయ్యాడని ఆమె వాదన. ఆ దొంగ ప్రాతినిధ్యాన్ని రద్దు చెయ్యాలి గానీ మనిషినే రద్దు చెయ్యక్కర్లేదు. నేను ఈ పక్షం.

పైగా మనిషి ఆధిక్యాన్ని ప్రశ్నించడం పారిస్‌లోనో కాలిఫోర్నియాలోనో పుట్టిన కొత్త విద్య కాదు. పదో శతాబ్దపు బస్రాలో ఇఖ్వానుస్సఫా అనే జ్ఞానుల బృందం ఒక కథ రాసింది. జంతువులన్నీ కలిసి జిన్నుల రాజు కొలువులో మనిషి మీద దావా వేస్తాయి. మా మీద యజమానివని నీకెవరు రాసిచ్చారని అడుగుతాయి. మనిషి చెప్పే ప్రతి గొప్పకీ జంతువుల దగ్గర జవాబుంది. తీర్పు చివరికి మనిషి పక్షానే వస్తుంది, అదీ మరణం తర్వాతి జీవితం పేరు మీద. వాదనలో మాత్రం గెలిచింది జంతువులే అనిపిస్తుంది. దీన్ని మౌల్వీ ఇక్రాం అలీ 1810లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం ఉర్దూలోకి తెచ్చాడు. 'ఫ్రాంకెన్‌స్టైన్' కంటే ఎనిమిదేళ్ల ముందు. కంపెనీ దొరలు ఉర్దూ నేర్చుకోడానికి ఇది పాఠ్యపుస్తకమైంది. యజమానిత్వం ఎవరిచ్చారని జంతువులు అడిగే ప్రశ్నని చదివి పరీక్ష పాసై, వెళ్లి జనం మీద యజమానిత్వం చేశారు.

మనిషిని సృష్టిలో అందరికన్నా మేలైనవాడంటూ 'అష్రఫుల్ మఖ్లూఖాత్' అని మన పెద్దలంటారు. అదొక హోదా అనుకుంటే ఫ్రాంకెన్‌స్టైన్ తయారవుతాడు. అది పూచీ అనుకుంటే, తయారుచేసినవాణ్ని వదిలేసి పారిపోకూడదని తెలుస్తుంది. గాలిబ్ ఆద్మీకీ ఇన్సాన్‌కీ తేడా చూశాడు. మనకి ఆ తేడా మీద చర్చ కావాలి. ఇద్దర్నీ ఒకే సంచిలో వేసి పాతిపెట్టే చర్చ అక్కర్లేదు.

నవలలో ఒక చిన్న వివరం చెప్పి ముగిస్తాను. తన కథ నిజమని రుజువు చెయ్యడానికి ప్రాణి దగ్గర ఒకే ఒక ఆధారం ఉంది. సఫీ ఫీలిక్స్‌కి ఎవరిచేతో రాయించిన ఉత్తరాలకి అతను నకళ్లు తీసి పెట్టుకున్నాడు. వాటిని విక్టర్‌కిచ్చాడు. వాల్టన్ కూడా చూశాడు. విక్టర్ ఎంత ఒట్టేసి చెప్పినా కలగనంత నమ్మకం ఆ ఉత్తరాలూ, ఓడ మీంచి కనిపించిన ప్రాణీ కలిగించాయని అతను రాసుకున్నాడు. అంత పెద్ద ఇంగ్లీషు నవల నిజాయితీ అంతా ఒక ముస్లిం పిల్ల ఉత్తరాల మీద నిలబడింది. కానీ ఆ ఉత్తరాల్లో ఒక్కటి కూడా నవలలో అచ్చు కాలేదు. ఏం రాసిందో వేరేవాళ్లు చెబితే వినడమే.

మనిషి తర్వాత ఏమిటన్న చర్చలో మనమూ కూర్చుందాం. కూర్చునే ముందు ఆ ఉత్తరాలు బల్లమీద పెట్టమని అడుగుదాం. పేరులేని ఆ తురకకీ మాట్లాడే వంతు ఇవ్వమందాం.